ఒంటిగంటకు తెరుచుకునే పేజీ

నంద్యాల,
12 జూన్ 1988.

అక్కకు,

రెండు నెలలుగా ఉత్తరం లేదని నువ్వు పళ్ళు కొరుకుతుంటావని తెలుసు. తప్పు నాదే, కానీ కారణం వింటే సగం కోపం తగ్గుతుంది. మన ఆసుపత్రికి కంప్యూటరు వచ్చింది. దాన్ని చూసుకునే పని నాకిచ్చారు. నన్ను హైదరాబాదుకు పంపి మూడు నెలలు నేర్పించింది ఇందుకే. రికార్డు గదిలో దుమ్ము దులుపుకునే యోబు ఇప్పుడు ఫ్యాను కింద కూర్చుంటున్నాడు.

అది ఒక పెద్ద పెట్టె, దానికి నాలుగు తెరలు. ఆఫీసులో ఒకటి, మందుల గదిలో ఒకటి, డాక్టర్ల గదిలో ఒకటి, కాన్పుల వార్డులో ఒకటి. కాగితాలన్నీ పెట్టెలోనే ఉంటాయి, ఏ తెర దగ్గర కూర్చున్నా చూడవచ్చు. అట్లని ఎవరు పడితే వాళ్ళు చూస్తే ఎట్లా? అందుకని ఒక్కొక్కరికి ఒక పేరు తెరిచాను. ఆ పేరుకు వాళ్ళొక్కరికే తెలిసిన రహస్య మాట ఉంటుంది. రెండూ సరిగ్గా కొడితేనే లోపలికి రానిస్తుంది. వచ్చాక కూడా అన్నీ తెరుచుకోవు. ఏ పేజీ ఎవరు చదవచ్చు, ఎవరు దిద్దవచ్చు, ఎవరికి అసలు కనపడకూడదు అనేది పేరు పేరునా నేనే పెట్టాను. మందుల గది బాలస్వామికి మందుల పట్టీ దిద్దే హక్కుంది, రోగుల కాగితాలు చూసే హక్కు లేదు. వారం నుంచి నాతో మాట్లాడ్డం లేదు. నా పేరు ఒక్కదానికి మాత్రం ఏ అడ్డూ లేదు. ఏ పేజీనైనా చదవగలను, దిద్దగలను, చెరపగలను.

పాత రిజిస్టర్లు కూడా ఎక్కించాం. 1970 నుంచి జరిగిన కాన్పులన్నీ నా చేత్తోనే కొట్టాను. పుస్తకాలు చెదలు పట్టి పొడిపొడిగా రాలుతుంటే మేట్రనమ్మ తగలబెట్టించింది.

ఒక తమాషా జరిగింది. పేర్ల పట్టీని హాజరు పుస్తకం నుంచి దించుకున్నాను. పోయినవాళ్ళ పేరు ఏడాదికి జరిపే జ్ఞాపకార్థ కూడిక అయ్యేదాకా హాజరులోంచి కొట్టెయ్యకపోవడం మన ఆసుపత్రి ఆనవాయితీ కదా. అది మరిచి ఓబులమ్మక్కకు కూడా, అందరు నర్సులకు లాగే కాన్పుల పేజీలు చదివే హక్కుతో, ఒక పేరు తెరిచేశాను. ఫిబ్రవరిలో కామెర్లతో పోయినామెకు జూన్‌లో రహస్య మాట రాసి కవరులో పెట్టి అంటించాను. పొద్దుటి ప్రార్థన అయ్యాక ఆయా ఆదెమ్మ పేర్లు పిలిచి కవర్లు పంచింది. ఓబులమ్మక్క కవరు మళ్ళీ నా దగ్గరికి రాలేదు. ఎక్కడో పడిపోయి ఉంటుంది.

నువ్వెప్పుడు వస్తావు? ఇరవై ఏళ్ళకు పైగా నర్సుగా చేసిన చోటు. మానుకుని పోయి రెండేళ్ళైంది, ఒక్కసారీ గేటు దాటి లోపలికి రాలేదు. ఓబులమ్మక్క నీకు చెల్లెలి లెక్కన ఉండేది. ఆమె మట్టికి కూడా నువ్వు రాకపోతే అందరూ నన్నే అడిగారు.

నీ తమ్ముడు
యోబు


ఆళ్లగడ్డ,
20 జూన్ 1988.

ఒరే యోబూ,

కుక్కను అందలమెక్కిస్తే కుచ్చులన్నీ కొరికిందట. ఊళ్ళో ఉన్నామెకు, మట్టిలో ఉన్నామెకు తేడా తెలియనివానికి ఆసుపత్రి తాళాలు ఇచ్చినారు. బాలస్వామి మాట్లాడకపోవడమే మంచిది, నీ గొప్పలు వినే బాధ వానికి తప్పింది.

ఇక్కడ నాకు బాగానే ఉంది. పొద్దున పది మంది కట్లు కట్టించుకోవడానికి వస్తారు, సాయంత్రం ఇంకో పది మంది. మొన్న ఒకామె నొప్పులతో వచ్చింది. నేను కాన్పులు చెయ్యను, సర్కారు ఆసుపత్రికి పొమ్మన్నాను. అయినా వినరు. ఇప్పుడు తలుపు మీద ఆ మాట రాయించి పెట్టాను.

కాన్పులన్నీ ఎక్కించానంటివి. ఒక్క సంవత్సరం కూడా వదల్లేదా? ఏ కాన్పులో ఏ నర్సు ఉందో ఆ పేర్లు కూడా కొట్టావా? అవి ఎవరెవరు చదవగలరు? ఊరికే అడుగుతున్నాను.

ఓబులమ్మ పేరు తీసెయ్. మట్టికి ఎందుకు రాలేదని అడిగినవాళ్ళకు నా మోకాళ్ళు చూపించు.

హన్నమ్మ


నంద్యాల,
14 జూలై 1988.

అక్కా,

ఈ ఉత్తరం చదివి నవ్వద్దు. నాకు భయంగా ఉంది.

పెట్టె లోపల ఏ సమయానికి ఎవరున్నారో నాకు నా తెర మీద కనపడుతుంది. ఈ నెల మొదట్లో ఒకరోజు ఒంటిగంటకు అందరూ అన్నాలకు పోయారు. నేను ఒక్కడినే ఉన్నాను. ఉత్తినే చూస్తే రెండు పేర్లున్నాయి. ఒకటి నాది. రెండోది ఓబులమ్మ, కాన్పుల వార్డు తెర. ఏదో తప్పు పడిందనుకున్నాను. మరుసటి రోజు ఒంటిగంటకు మళ్ళీ ఉంది. మూడో రోజు పరుగున వార్డుకు పోయాను. కుర్చీ ఖాళీ. కిటికీ రెక్క కొట్టుకుంటోంది. తెర మీద ఒక పేజీ తెరిచి ఉంది.

పదకొండు రోజులుగా అదే పేజీ, అక్కా. 1974 ఆగస్టు 9. నేనే కొట్టిన పేజీ, కానీ కొట్టేటప్పుడు మనసు పెట్టి చదవలేదు. గురవమ్మ, భర్త ఎల్లయ్య, రుద్రవరం మీది అడవి గూడెం. కవలలు. ముందు పుట్టిన ఆడబిడ్డ బతికింది. మగబిడ్డ కడుపులోనే పోయాడు. తల్లి పోయింది. హాజరు నర్సు ఓబులమ్మ.

ఇందుకేనా ఆమెను కాన్పుల నుంచి తీసి గుడ్డలు ఉడకబెట్టే గదిలో వేసింది? ఏదో తప్పు చేసిందని విన్నానే గానీ ఏమిటో నాకెవరూ చెప్పలేదు. పద్నాలుగేళ్ళు ఆ ఆవిరిలోనే బతికింది పాపం. ఎదురుపడితే "యోబూ, తిన్న్యావా?" అనే ఒక్క మాట తప్ప ఇంకేమీ అడిగేది కాదు.

ఆదెమ్మ సంగతి తెలుసు కదా, ఆమె చెవిన పడితే ఊరంతా పడ్డట్టే. "సబ్బునీళ్ళ వాసనొస్తాంది సామీ, ఆయమ్మే" అని అందరికీ చెప్పింది. ఇప్పుడు ఒంటిగంటకు ఆ గదిలోకి ఎవరూ పోవడం లేదు. పాస్టరు గారు తెర మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి పోయారు. మరునాడు మళ్ళీ వచ్చింది.

ఆ పేరు తీసెయ్యడం నాకు నిమిషం పని. వేళ్ళు పెడతాను, మళ్ళీ తీసేస్తాను. నాకు చేతకావడం లేదు.

ఆ రోజు నువ్వు డ్యూటీలో ఉన్నావా? ఏం జరిగింది?

యోబు


ఆళ్లగడ్డ,
19 జూలై 1988.

యోబూ,

పోయినవాళ్ళు కంప్యూటరు నేర్చుకుని రారు. ప్రాణమున్న మనిషే ఎవరో కూర్చుంటున్నారు. పట్టుకో. వద్దు, పట్టుకోవద్దు. ఆ పేరు తీసేసి ఊరుకో.

పద్నాలుగేళ్ళ నాటి డ్యూటీ ఎవరికి గుర్తుంటుంది?

మొన్నటి నుంచి నాకు నీళ్ళు మరిగే చప్పుడు వినపడుతోంది. లేచి పోయి చూస్తే స్టవ్వు చల్లగా ఉంటుంది. పట్టపగలే. ముసలితనం అనుకుంటున్నాను. నువ్వేమీ అనుకోకు.

హన్నమ్మ


నంద్యాల,
9 ఆగస్టు 1988.

అక్కకు,

దయ్యం దొరికింది. దానికి రెండు జడలున్నాయి. ఓబులమ్మక్క కూతురు ప్రేమకుమారి.

నిన్న పన్నెండున్నరకే పోయి వార్డులో గుడ్డల బీరువా వెనక నిలబడ్డాను. ఒంటిగంటకు స్నానాల గది వైపు తలుపు తీసుకుని వచ్చింది. వాళ్ళమ్మ పోయాక ఆ పిల్లను ఉడకబెట్టే గదిలోనే ఆయాగా పెట్టుకున్నారు కదా. ఆ గదికి, వార్డుకు మధ్య దారి అదే. అడుగుల చప్పుడైతే అట్లాగే జారుకునేదట. ఆదెమ్మకు వచ్చిన సబ్బునీళ్ళ వాసన ఈ పిల్ల చీరదే.

నన్ను చూసి బెదరలేదు. చేతులు తెర ముందు నుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఏందమ్మీ ఇది? మీయమ్మ పేరుతో వస్తాండావు?"

"కవర్లు పంచేప్పుడు ఆదెమ్మ అమ్మ పేరు పిలిచె. ఎవురూ పలకల్యా. ఇంగోసారి పిలిచె. అమ్మ పేరు అట్ల పిలిపించుకొని ఊరకుంటే నాకు ఎట్లనో ఆయ. నేనే పలికినా."

"దినామూ ఈ పేజీ ఎందుకు సూస్తావు?"

"అమ్మ ఇద్దర్ని సంపిందంటారు గదన్నా. యాడ సంపిందో ఎతుకుతాండా. నాకు కనపళ్ళా."

ఆ పిల్లను అక్కడే వదిలి వచ్చేశాను అక్కా. పేరు తీసెయ్యలేదు, ఎవరికీ చెప్పలేదు. ఆదెమ్మ దయ్యం అట్లాగే ఉండనీ అనుకున్నాను.

ఇప్పుడు అసలు విషయం. ప్రేమకుమారి ఇంటరు ప్యాసైంది. మన ఆసుపత్రిలో కాన్పుల నర్సు శిక్షణకు దరఖాస్తు పెట్టుకుంది. ఎనిమిది సీట్లు. 22న కమిటీ కూర్చుంటుంది. అందులో ఒక డాక్టరు, తల్లి చేతిలో ఇద్దరు పోయారు, కూతురికి ఎట్లా ఇస్తాం, ముందు ఆ పేజీ చూడాలి అన్నాడట. కమిటీలో నలుగురికీ ఆ పేజీ చదివే హక్కు ఇవ్వమని మేట్రనమ్మ నాకు చీటీ పంపింది. చదివితే సీటు పోయినట్టే. పందొమ్మిదేళ్ళ పిల్ల, ఇక జీవితమంతా ఆ గదిలో గుడ్డలు ఉడకబెట్టుకోవాల్సిందే.

నువ్వు పాత నర్సువు, నీ మాటకు విలువుంది. ఓబులమ్మ మంచి పనిమంతురాలని ఒక్క కాగితం రాసి పంపు. చదివిస్తాను.

యోబు


ఆళ్లగడ్డ,
13 ఆగస్టు 1988.

తమ్ముడూ,

కాగితం రాద్దామని నాలుగుసార్లు కూర్చున్నాను. ఓబులమ్మ మంచిది అని రాశాక తర్వాతి మాట రావడం లేదు. అందుకని నీకే రాస్తున్నాను. కూర్చుని చదువు.

మా వార్డులో ఒక అలవాటుండేది. పని మధ్యలో చేతులు రక్తంగా ఉంటాయని, డ్యూటీ ఎక్కగానే ఆ రోజు పేజీ కింద ముందుగానే సంతకం పెట్టేసేవాళ్ళం. ఆ రోజు ఓబులమ్మ ఏడు గంటలకు సంతకం పెట్టింది. పది గంటలకు ఇంటి నుంచి కబురొచ్చింది, ప్రేమకుమారికి జ్వరమెక్కి ఫిట్స్ వస్తున్నాయని. ఐదేళ్ళ పిల్ల. వార్డు వదిలిపోతే ఉద్యోగం పోతుంది. నాకు ఆ రోజు సెలవు. క్వార్టర్సుకు పరిగెత్తుకొచ్చి, "అక్కా, ఒక్క గంట నిలబడు" అంది. నిలబడ్డాను.

ఆ గంటలోనే గురవమ్మ వచ్చింది. ఎల్లయ్య డోలీలో మోయించుకొచ్చాడు. డాక్టరు ఆపరేషన్‌లో ఉన్నాడు. ఆడబిడ్డ పుట్టింది. రక్తం చూసి, రక్తం ఆగడానికి ఇచ్చే సూది వేసేశాను. వేసే ముందు కడుపు తడిమి ఇంకో బిడ్డ లేదని తెలుసుకోవాలి. శిక్షణలో మొదటి వారమే చెప్తారు. నేను తడమలేదు. లోపల ఇంకో బిడ్డ ఉన్నాడు. సూదికి గర్భసంచి బిగుసుకుపోయింది. ఆ తల్లి నా చెయ్యి పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందో రాయలేను.

ఓబులమ్మ వచ్చేసరికి అంతా అయిపోయింది. పెద్ద డాక్టరు వచ్చి ఎవరి పేజీ ఇది అన్నాడు. ఓబులమ్మ నా వైపు చూసింది. నేను నేల చూశాను. "నాదే" అంది. నేను వదిలిపోకుంటే ఇట్లయ్యేది కాదని ఆమె మనసులో ఉండింది. నేను దాన్ని వాడుకున్నాను. అమ్మానాయనా లేని ఇల్లు, నాకు ఉద్యోగం పోతే యోబు చదువు ఎట్లా అని నాకు నేను చెప్పుకున్నాను. నీ పేరు చెప్పుకుని నన్ను కాపాడుకున్నాను. నీ తప్పు ఇందులో ఏమీ లేదు, అది మనసులో పెట్టుకోవద్దు.

తర్వాత పన్నెండేళ్ళు ఆమె గది ముందు నుంచి రోజూ నడిచాను. ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. అందుకే ఆళ్లగడ్డకు పారిపోయి వచ్చాను. వస్తే ఇక్కడి సంతలో ఎల్లయ్య కనపడ్డాడు, తేనె అమ్ముకుంటూ. పక్కన ఆ ఆడపిల్ల, అప్పటికి పన్నెండేళ్ళది. నన్ను గుర్తుపట్టలేదు. వచ్చినప్పుడల్లా ఒక సీసా కొంటాను. తినలేను. గూట్లో ఇన్ని సీసాలెందుకని నువ్వు ఒకసారి అడిగావు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నీ మొదటి ఉత్తరానికే నేను బయటపడ్డాను. నువ్వు చూడలేదు.

ఆ పేజీ దిద్దాలి. అందులో నా పేరు ఉండాలి. నాకు ఒక పేరు తెరువు, దిద్దే హక్కు ఇవ్వు. 22 లోపల వస్తాను.

హన్నమ్మ


నంద్యాల,
18 ఆగస్టు 1988.

అక్కా,

నువ్వు రావద్దు. దిద్దడానికి పేజీ లేదు. చెరిపేశాను.

నీ ఉత్తరం మందుల గది వెనక నిలబడి చదివాను. నేరుగా పోయి నా తెర ముందు కూర్చున్నాను. ఒక్క వరుస కొట్టాను, పోయింది. ఏదైనా అయితే ఉంటుందని టేపు మీద నకలు పెట్టుకుంటాం, అందులోనూ తీసేశాను. పుస్తకం ఎప్పుడో కాలిపోయింది. ఇప్పుడు 1974 ఆగస్టు 8 తర్వాత 10 వస్తుంది.

ఆలోచించు. కమిటీకి చదవడానికి ఏమీ ఉండదు, పిల్లకు సీటొస్తుంది. నీ పేరు బయటికి రాదు. ఓబులమ్మక్క పేరు కూడా ఆ పాపం నుంచి బయటపడింది. ఎవరికి నష్టం? నా ఫీజు కోసం నువ్వు రెండు చీరలతో ఏడాదంతా గడిపావు. ఆ చదువుతోనే ఈ కుర్చీలో కూర్చున్నాను. నిన్ను ఆ నలుగురి ముందు నిలబెట్టడానికా?

ఒక్కటే కష్టంగా ఉంది. మరునాడు ఒంటిగంటకు ప్రేమకుమారి నా గదికి వచ్చింది.

"అన్నా, అమ్మ పేజీ యాడికి పాయ?"

"మిషన్ మింగేసిందమ్మీ. అప్పుడప్పుడు అట్లయితాది."

నా ముఖం చూసింది. పోయి మళ్ళీ ఆ తెర ముందే కూర్చుంది. ఓబులమ్మ అనే పేరు నా తెర మీద గంటసేపు అట్లాగే ఉంది. పేజీ ఉన్నన్నాళ్ళు పది నిమిషాలకే పోయేది.

ఈ ఉత్తరం కాల్చెయ్యి.

యోబు


ఆళ్లగడ్డ,
23 ఆగస్టు 1988.

యోబూ,

నిన్న వచ్చి పోయాను. నువ్వు మిషన్ గది లోపల గడియ వేసుకున్నావని ఆదెమ్మ చెప్పింది. తలుపు తట్టలేదు.

కమిటీ ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను. పేజీయే లేనప్పుడు ఇదంతా ఇప్పుడు ఎందుకు తవ్వుతారమ్మా అన్నాడు ఆ డాక్టరు. పేజీ లేదు, నేనున్నాను కదా అన్నాను. మేట్రనమ్మ తల ఎత్తలేదు. ఓబులమ్మను ఆ గదిలో వేసిన కాగితం మీద సంతకం ఆమెదే. పిల్లకు సీటు ఇచ్చారు.

బయట బెంచీ మీద ప్రేమకుమారి కూర్చుని ఉంది. ఆమెకూ నేనే చెప్పాలి కదా. పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. తిడుతుందనుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను. అంతా విని ఒక్కటే అడిగింది.

"ఆ జరం నాకు గుర్తుందత్తా. నొసటి మింద తడిగుడ్డ ఏసిన చెయ్యి గుర్తుంది. అవ్వది అనుకొంటి. అమ్మదా?"

"మీయమ్మదే."

"అమ్మ నా కోసరం వచ్చింటే ఆడ అట్లాయనా? అయితే నా వల్లనే గదా."

కాదు పాపా, నా చేతి వల్ల అన్నాను. వందసార్లు అన్నాను. విన్నదో లేదో తెలియదు. సీటు కాగితం చేతిలో పట్టుకుని సంతకం పెట్టకుండానే లేచి వెళ్ళిపోయింది. చెప్తే నా బరువు దిగుతుందనుకున్నాను. దిగి పోయి ఆ పిల్ల నెత్తిన కూర్చుంది. నేను ఏం చేసినా ఓబులమ్మ ఇంటికే నష్టం.

పేజీ ఏమైందని మేట్రనమ్మ అడిగింది. తెలియదన్నాను. ఇకమీదట నీ కోసం కూడా ఒక్క అబద్ధం ఆడను. నీది నువ్వు చెప్పుకో. నాకు పద్నాలుగేళ్ళు పట్టింది, ఎట్లా బతికానో నీకు తెలియదు. నువ్వింకా మొదటి వారంలోనే ఉన్నావు. ఆ పిల్ల ఇంకా ఆ తెర ముందు కూర్చుని వెతుకుతోంది. పోయి చెప్పు.

అక్క


నంద్యాల,
27 ఆగస్టు 1988.

అక్కా,

చెప్పాను. ముందు మేట్రనమ్మకు, తర్వాత ఒంటిగంటకు ప్రేమకుమారికి. మేట్రనమ్మ ఏ అడ్డూ లేని నా పేరుకున్న రహస్య మాటను నా చేతనే మార్పించి, కొత్తది తన దగ్గర పెట్టుకుంది. ఇక నేను కూడా బాలస్వామి లెక్కే. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో వచ్చే నెల చెప్తారట.

ప్రేమకుమారి కోప్పడలేదు. "నాకు తెలుసన్నా. మిషన్ మింగితే నీ మొగం అట్లెందుకుంటాది" అంది. తర్వాత, "రాసుకుంటావా, చెప్తా" అంది.

నెలన్నర రోజూ చదివిన పేజీ, అక్కా. ఆ పిల్లకు కంఠతా వచ్చు. నా వెంట వచ్చి వెనక నిలబడిన మేట్రనమ్మ కొత్త మాట తనే కొట్టి, ఆ ఒక్క పేజీకి ఆ పిల్లకే రాసే హక్కు ఇమ్మంది. ఇచ్చాను. ప్రేమకుమారి కుర్చీలో కూర్చుని ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. తేదీ, మంచం నంబరు, గురవమ్మ పేరు, ఎల్లయ్య పేరు, ఆడబిడ్డ తూకం, సూది వేసిన సమయం. ఎక్కడా తడబడలేదు. మేట్రనమ్మ ముక్కు చీదుకోవడం వినపడుతోంది.

హాజరు నర్సు దగ్గరికి వచ్చి ఆగింది. ఓబులమ్మ తీసేసి హన్నమ్మ అని రాయమ్మా అంది మేట్రనమ్మ. తల అడ్డంగా ఊపింది. వాళ్ళమ్మ పేరు కొట్టింది. దాని పక్కన నీ పేరు కొట్టింది.

ఆ తర్వాత ఆ పేజీలో ఎప్పుడూ లేని ఒక వరుస కొట్టింది. పేజీలో మిగతాదంతా ఇంగ్లీషే. ఇంగ్లీషు రాక కాదు, ఈ వరుస మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు కొట్టింది. "అమ్మ ఒక గంట ఇంట్లో ఉంది. బిడ్డకు జ్వరం."

దాన్ని తనే రెండుసార్లు చదువుకుంది. సీటు కాగితం తీసి తెర పక్కన పెట్టి సంతకం చేసి మేట్రనమ్మకు ఇచ్చింది. ఉడకబెట్టే గదికి పోయింది. ఆ పూట గుడ్డలు ఇంకా మిగిలి ఉన్నాయి.

యోబు